అంకెకు పేరు వ్రాయు అధికారము

ఒక జిల్లా పట్టణమున ఒక న్యాయవాది కలడనుకొందము. పరుల కొట్టులో తన కాగితములుంచుట ఇష్టములేక, తన కార్యాలయముననే ఒక మెయిలు సర్వరును నెలకొల్పుకొనెను. కక్షిదారులకు వాయిదా తేదీలు, నోటీసులు, దావా ప్రతులు అందుండియే పంపుచుండెను. ఒకనాడు ఉత్తరములు తిరిగివచ్చుట మొదలిడినది. కారణము విచారింపగా, అతని సర్వరుయొక్క అంకెల చిరునామాకు ఎదురుగా ఏ పేరును వ్రాసియుండలేదనియు, అట్టి పేరులేని అంకెనుండి వచ్చు ఉత్తరములను గైకొనమనియు అవతలివారు చెప్పిరి. అతడు తనకు ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీ నడిగెను. ఆ కంపెనీ తనకు అంకెల నిచ్చిన పెద్ద కంపెనీని చూపెను. పెద్ద కంపెనీ బదులు చెప్పలేదు. రిజిస్ట్రీ కార్యాలయమునకు వ్రాయగా, "ఇది మీకును మీ కంపెనీకిని నడుమ విషయము" అని జాబు వచ్చినది. వాయిదా దాటిపోయినది.

ఇది కల్పిత దృష్టాంతమే. కాని ఇట్టి చిక్కు కలుగుట ఎంతమాత్రము కల్పన కాదు. 2024 ఫిబ్రవరి నుండి గూగులు వారు తమ జీమెయిలునకు ఉత్తరములు పంపువారందఱకును విధించిన నిబంధనలలో, పేరునుండి అంకెకును అంకెనుండి పేరునకును సరియైన నమోదులుండవలెననునది యొకటి. యాహూవారును అట్టి నిబంధననే విధించిరి. లోకమున అత్యధిక జనుల ఉత్తరములు ఈ రెండు మూడు వాకిళ్లగుండానే పోవుచున్నవి గనుక, ఇది పేరునకు సాంకేతిక నియమమైనను ఫలమున శాసనమువంటిదే. కావున, అంకెకు పేరు వ్రాయు అధికారము ఎవరిది? ఆ అధికారమును చిరునామాల రిజిస్ట్రీలు తమ విధాన సూత్రములచే శాసింపవచ్చునా, శాసింపరాదా? అను ప్రశ్న ఇంజనీర్ల ముచ్చట యని తోసిపుచ్చుటకు వీలులేదు. ఇందు సామాన్యుని హక్కు ఇమిడియున్నది.

ముందుగా విషయ స్వరూపమును పాఠకులకు నివేదింతుము. ఇంటర్నెట్టున యంత్రములు ఒకదానినొకటి గుర్తించుట అంకెలచేతనే. పాత పద్ధతి ననుసరించు చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు. అంకెలు మనుష్యులకు జ్ఞాపకముండవు గనుక పేర్లు పుట్టినవి. మొదట ఈ పేర్లన్నియు ఒకే దస్త్రమునందు వ్రాయబడి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారి యొద్ద నుండెడివి. ప్రతివాడును తన యంత్రముపేరు అచ్చట వ్రాయించుకొని, ఆ దస్త్రమునకు నకలు తెచ్చుకొనవలసి యుండెను. యంత్రములు పెరిగినకొలది ఆ ఒక్క కార్యాలయముచే పని సాగదయ్యెను. అంతట 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఎస్. అనబడు నామవ్యవస్థను నిర్మించెను. దీని ప్రధాన సూత్రము అధికార వికేంద్రీకరణము. పైవాడు క్రిందివానికి అతని భాగమును అప్పగించును. ఆ భాగమున ఏ పేరు వ్రాసికొనవలెనో క్రిందివాడే నిర్ణయించుకొనును. ఈ మూలసూత్రమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మా వాదమంతయు దీనిపైననే నిలిచియున్నది.

పేరు చెప్పినచో అంకె దొరకుట మొదటి మార్గము. అంకె చెప్పినచో పేరు దొరకుట దానికి విలోమ మార్గము. దీనినే రివర్సు డి.ఎన్.ఎస్. అందురు. ఇదియు 1983 నాటినుండియు ఉన్నదే. మనము ఉత్తరముపై చిరునామా వ్రాయునప్పుడు మొదట మనిషిపేరు, పిదప వీధి, గ్రామము, జిల్లా అని చిన్నదానినుండి పెద్దదానికి పోవుదుము. ఇంటర్నెట్టు పేర్లును అట్లే. కాని అంకెలు జిల్లాతో మొదలై మనిషితో ముగియును. కావున విలోమ మార్గమున అంకెలను త్రిప్పి వ్రాయుదురు. గ్రంథములలో ఉదాహరణలకై ప్రత్యేకించియుంచిన 203.0.113.25 అను చిరునామాను తీసికొనినచో, దాని విలోమ నామము "25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా" అని యగును. ఆ నామమునకెదురుగా వ్రాయు పేరునకు పి.టి.ఆర్. నమోదు అని పేరు.

ఈ "ఆర్పా" అను విభాగమును ఇంటర్నెట్టు ఆర్కిటెక్చర్ బోర్డు పర్యవేక్షణమున నడుపుచున్నారు. 2011 ఫిబ్రవరి వరకు విలోమ మూలపుస్తకమును అమెరికా ఖండపు రిజిస్ట్రీయగు ఆరిన్ నిర్వహించెను; పిదప అది ఐకాన్ సంస్థకు మాఱినది. దానిక్రింద లోకమున ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలు గలవు: ఐరోపాకు రైప్, ఆసియా పసిఫిక్ దేశములకు ఏపీనిక్, ఉత్తర అమెరికాకు ఆరిన్, దక్షిణ అమెరికాకు లాక్నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్. మన భారతదేశము ఏపీనిక్ పరిధిలోనిది. 2012 నుండి నిక్సీ సంస్థక్రింద ఐరిన్ అను జాతీయ రిజిస్ట్రీయు పనిచేయుచున్నది. ఎవరికి ఏ అంకెల వరుస ఇయ్యబడినదో వ్రాసియుంచుట ఈ రిజిస్ట్రీల ముఖ్య కర్తవ్యము. అంకెల వరుసతోపాటు ఆ వరుసకు సంబంధించిన విలోమ విభాగమును గూడ హక్కుదారుని నేమ్ సర్వర్లకు అప్పగింతురు. ఆ అప్పగింత జరుగనిచో హక్కుదారుడు తన యింట ఎంత చక్కగా పేర్లు వ్రాసికొనినను లోకమునకు కనబడదు.

ఇక వాదములకు వత్తము. ఒక పక్షమువారు చెప్పునది యేమన: "రిజిస్ట్రీ విధానములు చిరునామాల పంపకమునకు మాత్రమే. పేర్ల సంగతి నామవ్యవస్థ నడుపు ఇంజనీర్లు చూచుకొందురు. విధాన సూత్రములలో విలోమ మార్గపు ప్రసక్తియే ఉండరాదు." మఱియొక పక్షమువారు ఇట్లందురు: "అంకెల నిచ్చినవాడే వాని వినియోగమునకు బాధ్యుడు. ప్రతి అంకెకును పేరుండవలెనని రిజిస్ట్రీ శాసింపవలెను. వ్రాయనివానికి దండన విధింపవలెను. అప్పుడుగాని మోసగాండ్రు బయటపడరు." రెండు పక్షములందును కొంత సత్యము కలదు. కాని రెండును కడదాక పోయినచో అనర్థమునకే దారితీయునని మా అభిప్రాయము.

రెండవ పక్షమును మొదట పరీక్షింతము. ప్రతి అంకెకును పేరు వ్రాయుట సాధ్యమా? పాత చిరునామాల విషయమున సాధ్యమైనను, ఆఱవ పద్ధతి యనబడు కొత్త చిరునామాల విషయమున అది పగటికల. ఒక్క గృహమునందలి ఒక్క చిన్న జాలమునకు మామూలుగా ఇచ్చు వరుసయందే సుమారు 1,84,467 కోట్ల కోట్ల అంకెలుండును. వానికన్నిటికిని పేరు వ్రాయుమని చెప్పుట సముద్రమునందలి ప్రతి కెరటమునకును పట్టా వ్రాయుమని చెప్పుటవంటిది. గృహస్థులకు ఇంటర్నెట్టునిచ్చు కంపెనీలు ఈ చిక్కును ఎట్లు తీర్చుకొనవచ్చునో వివరించుచు 2018లో ఇంజనీర్ల మండలి యొక పత్రమునే వెలువరింపవలసివచ్చినది. అందును అన్ని తావులకును సరిపడు ఒకే మార్గమును విధింపజాలరైరి. అంతకు పూర్వము, విలోమ నమోదులు ఉండితీరవలెనని చెప్పు పత్రము నొకదానిని ఆ మండలియందే ప్రతిపాదించి ఏండ్లకొలది చర్చించిరి. ఏకాభిప్రాయము కుదురక అది ప్రమాణ గ్రంథముల కెక్కలేదు. ఇంజనీర్లే అంగీకరింపని నియమమును రిజిస్ట్రీ అధికారి కొరడాతో అమలు జరుపబూనుట అవివేకము.

అదియునుగాక, పి.టి.ఆర్. నమోదు సాక్ష్యమేగాని రుజువు కాదు. తన భాగమున ఎవడైనను ఏ పేరైనను వ్రాసికొనవచ్చును. ఒక దొంగ తన అంకెకెదురుగా ఒక బ్యాంకుపేరు వ్రాసికొనినచో వ్యవస్థ అతని చేయి పట్టుకొనదు. అందుచేతనే వివేకముగలవారు అంకెనుండి వచ్చిన పేరును మరల అంకెకు త్రిప్పిచూచి, రెండును సరిపోయిననే నమ్ముదురు. ఆ సరిపోలిక గూడ ఇద్దఱి పుస్తకములు ఒకటే చెప్పుచున్నవని తెలుపునేగాని, వ్రాసినవాడు సజ్జనుడని తెలుపదు. కోర్టులో ఒక్కసాక్షి మాటపై ఆస్తిని ధారపోయువాడు ఎట్టి న్యాయాధిపతియో, పి.టి.ఆర్. నమోదు నాధారముచేసికొని గుణదోషములను నిర్ణయింప బూనువాడును అట్టివాడే.

మఱియొక అపాయము కలదు. కొన్ని సంస్థలు తమ జాలమున చేరు ప్రతి యంత్రముయొక్క పేరును తమంత తామే విలోమ పుస్తకమున వ్రాయునట్లు ఏర్పాటు చేసికొన్నవి. ఒకానొక విద్యార్థి తన ఫోనునకు తన పేరే పెట్టుకొనినచో, అతడు ఎప్పుడు కళాశాలకు వచ్చెనో, ఎప్పుడు వెడలిపోయెనో లోకమున ఏ మూలనున్నవాడైనను చదువుకొనవచ్చును. ఇట్టి బయలుపాటును పరిశోధకులు 2022లో సోదాహరణముగా చూపియున్నారు. ప్రతి అంకెకును పేరుండవలెనని శాసించినచో, బద్ధకస్థులైన నిర్వాహకులు చేయునది ఇదియే. నిగ్రహమునకై పెట్టిన నియమము గూఢచారికి వరమగును.

పూర్వము మన గ్రామములలో కరణము భూమి ఎవరిదో లెక్కలలో వ్రాసెడివాడు, ఎల్లలు చూపెడివాడు, చేతులు మాఱినప్పుడు పేరు మార్చెడివాడు. అంతియేగాని, ఆ భూమిలో వరి వేయవలెనా చెఱకు వేయవలెనా యని రైతు నాజ్ఞాపింపలేదు. అట్లాజ్ఞాపింప బూనిననాడు కరణము కరణము కాడు, జమీందారగును. రిజిస్ట్రీ తన అప్పగింత దాటి, అప్పగించిన భాగమునందు ఏమి వ్రాయవలెనో శాసింపబూనుటయు అట్టిదే. 1983లో ఒక్క కార్యాలయమునుండి విడిపించి పదుగురికి పంచిన అధికారమును మరల ఒక్క కార్యాలయమునకు చేర్చుటయే అగును.

అట్లయినచో మొదటి పక్షమువారి మాటయే న్యాయమా? విలోమ మార్గమునుగూర్చి విధాన సూత్రములు మౌనము వహింపవలసినదేనా? ఇచ్చట మేము వారితో ఏకీభవింపజాలము. నియమము లేనిచోట స్వేచ్ఛ యుండునని వారు తలంచుచున్నారు. అనుభవము వేఱుగా చెప్పుచున్నది. నియమము లేనిచోట అధికారియొక్క ఇష్టము ఉండును. తాళపుచెవి రిజిస్ట్రీ చేతనున్నంతకాలము, అది ఎప్పుడు త్రిప్పవలెనో ఎప్పుడు త్రిప్పరాదో ఎవరో ఒకరు నిర్ణయించుచునే యుందురు. ఆ నిర్ణయము అందఱును చదువదగిన సూత్రములందుండుట మేలా? కార్యాలయపు గదిలో నుండుట మేలా?

ఇందు మఱియొక విశేషమును గమనింపవలయును. మామూలు పేర్ల విషయమున ఒక రిజిస్ట్రారు అన్యాయము చేసినచో మఱియొక రిజిస్ట్రారునొద్దకు పోవచ్చును. ఒక పేరు దొరకనిచో మఱియొక పేరు కొనవచ్చును. విలోమ మార్గమున అట్టి అవకాశము లేదు. నీ అంకెకు విలోమ స్థానము లోకమున ఒక్కటే. దానికి దారియు ఒక్కటే. ఆ దారిని మూసినచో పక్కదారి యుండదు. ప్రత్యామ్నాయము లేని అధికారము ఎచ్చటనున్నను, దానికి వ్రాతపూర్వకమైన హద్దులుండవలెననుట న్యాయశాస్త్రమునందు మొదటి పాఠము.

పూర్వానుభవము గూడ ఇందుకు తార్కాణము. 1996లో ఇంజనీర్ల మండలి వెలువరించిన చిరునామాల పంపక మార్గదర్శక పత్రమందే విలోమ బాధ్యత విభజింపబడినది: 65,536 అంకెలు గాని అంతకంటె హెచ్చుగాని పొందిన కంపెనీలు తమ ఖాతాదారుల విలోమ నమోదులను తామే నిర్వహింపవలెను, అంతకు తక్కువైనవానిని ప్రాంతీయ రిజిస్ట్రీలు నిర్వహింపవలెను. అనగా, విలోమ మార్గము రిజిస్ట్రీ విధానములకు వెలుపలి వస్తువన్న మాట చరిత్రకు విరుద్ధము.

పిదప వచ్చిన వివాదము పలుకని సర్వర్లను గూర్చినది. ఒక విలోమ విభాగము ఫలాని సర్వరునకు అప్పగింపబడినదని పుస్తకమున నుండును. ఆ సర్వరు ఆ విభాగమును ఎఱుగనే ఎఱుగదు, లేదా ఎన్నడో మూతపడినది. ఇట్టివానిని ఇంజనీర్లు కుంటి అప్పగింతలందురు. వానివలన అడిగినవాడు బదులులేక వేచియుండవలసివచ్చును. అంతకంటె గొప్ప ప్రమాదమును కలదు: మూతపడిన సర్వరు పేరు గడువుతీరి అంగడికి వచ్చినప్పుడు, దానిని కొనిన దుష్టుడు పరుల అంకెలకు తనకిష్టమైన పేర్లు వ్రాయగలడు. దీనిని నివారించుటకై ఏపీనిక్ సభ్యులు ఒక స్పష్టమైన సూత్రము నేర్పఱచుకొనిరి. పదునైదు దినములు పరీక్షించినను సర్వరు పలుకనిచో, మఱి నలువదియైదు దినములు హక్కుదారునికి తెలియజేయ యత్నింపవలెను; మొత్తము అఱువది దినములైనను చక్కబడనిచో అప్పగింతను తొలగింపవలెను. చక్కబఱచుకొనిన పిమ్మట మరల పొందవచ్చును. ఆరిన్ వారును అట్టి ప్రకరణమునే తమ విధాన గ్రంథమున చేర్చుకొని, కడకు 2014లో దానిని తొలగించిరి. ఒకే వ్యాధికి రెండు ఖండములవారు రెండు మార్గములు త్రొక్కిరి. ఎవరిది సరియైనదని మమ్మడిగినచో, ఏపీనిక్ మార్గమునందు మాకు నచ్చినది తొలగించుట కాదు, తొలగించుటకు ముందు గడువును నోటీసును సూత్రమున వ్రాసియుంచుట యని చెప్పుదుము. ప్రతివాదిని వినక తీర్పు చెప్పరాదను సహజ న్యాయసూత్రము యంత్రముల లోకమున గూడ చెల్లవలసినదే.

ఇక మా దృష్టాంతమునందలి న్యాయవాది యొద్దకు మరల వత్తము. అతని చిక్కునకు మూలము అంకెల విభజన రీతిలోనున్నది. విలోమ నామములు చుక్కలవద్ద విడివడును. చిట్టచివరి చుక్కవద్ద విడివడు భాగమున 256 అంకెలుండును. అంతకు తక్కువ అంకెలుగలవానికి ప్రత్యేక విభాగము సహజముగా దొరకదు. పైకంపెనీ దయపై ఆధారపడవలసినదే. ఈ లోపమును తీర్చుటకు 1998లోనే ఇంజనీర్లు ఒక ఉపాయమును ప్రకటించిరి. పైవాడు తన పుస్తకమున ఒక్కొక్క అంకెకెదురుగా "ఇది ఫలానివాని పుస్తకమున చూడుడు" అని మారుపేరు వ్రాసినచో, ఎనిమిది అంకెలుగల చిన్నవాడు గూడ తన పేర్లను తానే వ్రాసికొనగలడు. ఉపాయము పుట్టి పాతికేండ్లు దాటినది. దానికి ప్రత్యేక యంత్రము అక్కఱలేదు, పెద్ద ఖర్చును లేదు. ఐనను చిన్నవాడు అడిగినప్పుడు పైకంపెనీ దానిని చేసితీరవలెనను నిర్బంధము లేనిచోట, చేసినను చేయకున్నను అడుగువాడు లేడు.

ఈ చిన్నవారి సంఖ్య తగ్గునది కాదు. లోకమునందలి పాత చిరునామాల మూలనిధి 2011 ఫిబ్రవరి 3వ తేదీన అయిపోయినది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఏపీనిక్ కడపటి వరుసకు చేరుకొనినది. 2019 నుండి ఆ కడపటి వరుసనుండి కొత్తవారికి 512 అంకెలకు మించి ఇచ్చుటలేదు. ఆ కొద్దిపాటి అంకెలను పొందినవాడు వానిని ఎనిమిదేసి పదునాఱేసిగా ఖాతాదారులకు పంచవలసివచ్చుచున్నది. తక్కినవారు అంకెలను కొనుచున్నారు, కౌలునకు తీసికొనుచున్నారు. చేతులు మాఱిన అంకెకు పాత యజమాని పేరే విలోమ పుస్తకమున మిగిలియున్నచో, కొత్తవాని ఉత్తరము పాతవాని చెడ్డపేరును మోసికొనిపోవును. ఇట్టి పరిస్థితిలో "ఇది మీరును మీ కంపెనీయు చూచుకొనుడు" అని రిజిస్ట్రీ చేతులు దులుపుకొనుట, ఎగువ రైతు తూము మూసికొనియుండగా "ఇది మీరిద్దఱును తేల్చుకొనుడు" అని నీటి అధికారి చెప్పుటవంటిది. ఎగువవాడు ఎన్నడును తొందరపడడు. ఎండిపోవునది దిగువవాని పైరు.

కావున మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. రిజిస్ట్రీ విధానము విలోమ మార్గమును శాసింపవలసినదే; కాని అప్పగింతవఱకే శాసింపవలెను, వ్రాతను శాసింపరాదు. ఈ సూత్రమునుండి నాలుగు నియమములు ఫలించును.

మొదటిది: చిరునామాల పుస్తకమున ఎవని పేరుండునో, విలోమ విభాగమును వానికే అప్పగింపవలెను. చేతులు మాఱినప్పుడు అప్పగింతయు వెంటనే మాఱవలెను. ఇది రిజిస్ట్రీ దయ కాదు, హక్కుదారుని హక్కు.

రెండవది: పెద్ద వరుస పొందిన కంపెనీ, క్రిందివాడు కోరినచో, తగిన గడువులోపల అతని భాగమును అతనికి అప్పగించుటగాని అతడు కోరిన పేరును తానే వ్రాసియిచ్చుటగాని చేయవలెను. ఈ బాధ్యత అంకెలతోపాటు సంక్రమించునదిగా సూత్రమున వ్రాయబడవలెను.

మూడవది: నోటీసు లేక, గడువు లేక, కారణము వ్రాయక ఏ అప్పగింతను తొలగింపరాదు. తొలగించినదానిని చక్కబఱచుకొనినవానికి తిరిగి ఇయ్యవలెను. పొరపాటు జరిగినచో విన్నవించుకొనుటకు ఒక స్థానముండవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: విలోమ అప్పగింతను ఇతర తగవులలో కొరడాగా ఉపయోగింపరాదు. ఖాతాదారుడు పంపిన ఉత్తరములలో ఏమున్నదో, అతడు ఎవరిని విమర్శించెనో, అతనికిని మఱియొక కంపెనీకిని ఏ వ్యాజ్యము నడచుచున్నదో, వీనిలో ఏదియు అప్పగింతను లాగికొనుటకు కారణము కారాదు. అంకెల హక్కు నిలిచియున్నంతకాలము విలోమ హక్కును నిలిచియుండవలెను. ఆరిన్ స్థాపనకు ముందే అంకెలు పొంది, ఆ సంస్థతో ఏ ఒప్పందమును చేసికొననివారికి గూడ ఆ రిజిస్ట్రీ విలోమ సేవను నడుపుచునే యున్నది. అది మెచ్చదగిన సంప్రదాయము. సంప్రదాయముగా నున్నదానిని సూత్రముగా మార్చుకొందమనియే మా ప్రార్థన.

దీనికి కొందఱు ఆక్షేపము చెప్పవచ్చును. "రిజిస్ట్రీయొద్ద ఉద్యోగులు కొలదిమంది, వేలకొలది కంపెనీలు క్రిందివారికి అప్పగించినవో లేవో ఎట్లు చూడగలరు? అమలు జరుగని శాసనము శాసనమునకే అవమానము కాదా?" అందురు. ఈ ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. రిజిస్ట్రీ ప్రతి వాకిటికిని తిరిగి సోదా చేయవలెనని మేము కోరుటలేదు. అట్టి సోదా మేము నిరసించిన జమీందారీయే యగును. మేము కోరునది, ఫిర్యాదు వచ్చినప్పుడు చదివి చెప్పుటకు ఒక సూత్రము. నేడు మా న్యాయవాది కంపెనీని దయ చూపుమని వేడుకొనుచున్నాడు. సూత్రమున్ననాడు ఫలాని ప్రకరణము ననుసరించి చేయవలసినదని వ్రాయగలడు. కంపెనీల సౌజన్యము ఎట్లున్నను, వ్రాసిన సూత్రము నెదుటపెట్టినచో పదింట తొమ్మిది తగవులు కోర్టు మెట్లెక్కకయే తీరునని వృత్తిలో నున్నవారికందఱకును తెలిసినదే.

"రిజిస్ట్రీలకు ఇంత ప్రాముఖ్యమిచ్చుట అపాయము కాదా? అవియే తడబడిననాడు గతి యేమి?" అని మఱికొందఱు అడుగుదురు. ఇది గంభీరమైన ప్రశ్న. ఆఫ్రినిక్ సంస్థ వ్యాజ్యములలో చిక్కుకొని, 2023 సెప్టెంబరులో మారిషస్ న్యాయస్థానము దానికి రిసీవరును నియమింపవలసివచ్చుట లోకవిదితము. కాని ఈ ఉదాహరణము మా వాదమునకే బలము చేకూర్చుచున్నది. సంస్థ స్థిరముగా నున్నప్పుడు మంచి సంప్రదాయములే చాలును. సంస్థ తడబడినప్పుడు, కొత్తగా వచ్చిన రిసీవరునకైనను న్యాయమూర్తికైనను చదువుకొనుటకు వ్రాసిన సూత్రము కావలెను. ఉద్యోగుల జ్ఞాపకమునందున్న ఆచారము ఉద్యోగులతోనే పోవును.

ఇంతకును ఈ సూత్రములను వ్రాయువారెవరు? ఇచ్చటనే మన తెలుగువారికి ఒక మాట చెప్పవలసియున్నది. ఏపీనిక్ విధానములు ప్రభుత్వ గెజెట్లలో దిగివచ్చునవి కావు. ఏటికి రెండు పర్యాయములు జరుగు సమావేశములలో, బహిరంగ చర్చపై, ఏకాభిప్రాయము ననుసరించి నిర్ణయింపబడుచున్నవి. ప్రతిపాదన తెచ్చుటకుగాని మాటలాడుటకుగాని అంకెల యజమానియే కానక్కఱలేదు; ఆసక్తిగలవాడెవడైనను పాల్గొనవచ్చును. హైదరాబాదు మొదలు మన చిన్న పట్టణములదాక కేబులు నడుపుచు ఇంటర్నెట్టు నిచ్చు వర్తకులున్నారు, కళాశాలలున్నవి, సహకార సంఘములున్నవి, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో ఈ వృత్తియందే ఆరితేరిన తెలుగుబిడ్డలున్నారు. "భారత్" అను పదమును తెలుగు లిపిలో వ్రాసి ఇంటర్నెట్టు పేర్ల కొసను నిలుపుకొన గలిగితిమని సంతోషించితిమి. ఆ సంతోషము తగినదే. కాని పేరు మన లిపిలో నుండి, ఆ పేరు నిలుచు అంకెపై మనకు మాట లేనిచో, ఇంటి గుమ్మముపై మన పేరు చెక్కించుకొని దస్తావేజు పరులచేత నుంచుకొనినవారమగుదుము.

ఐరిన్ వారిని గూడ వినయముగా కోరుచున్నాము. చిన్న కంపెనీలకును వాని ఖాతాదారులకును విలోమ హక్కు లేమో, కోరుట ఎట్లో, నిరాకరింపబడినచో ఎచ్చట విన్నవించుకొనవలెనో దేశభాషలలో ఒక చిన్న పత్రిక ప్రకటించినచో గొప్ప మేలు జరుగును. హక్కున్నదని తెలియనివానికి హక్కు లేనట్లే.

విషయము చిన్నది. ఒక అంకె, దానికెదురుగా ఒక పేరు, అంతియే. కాని ఆ పేరు వ్రాసికొనలేకపోయిన పాపమునకు ఒకని ఉత్తరము చేరదు, ఒకని వాయిదా తప్పును, ఒకని వర్తకము చెడును. పుస్తకము రిజిస్ట్రీ ఉంచుగాక. పంక్తి హక్కుదారుడు వ్రాసికొనుగాక. పుస్తకమున చోటియ్యననుటకు ఎవరికి ఎప్పుడు అధికారముండునో ఆ పుస్తకపు మొదటి పుటనే అందఱకును కనబడునట్లు వ్రాయబడుగాక. ఇంతకు మించి మేము కోరుట లేదు. ఇంతకు తక్కువతో తృప్తిపడుటయు తగదు.